యంత్రానికి మేనమామ

రబాత్
జూలై 2018

తమ్ముడు బస్సూకు,

యంత్రాన్ని నిన్న తింఘీర్ బస్సులో వేశాను. దుప్పట్లో చుట్టి డ్రైవరు వెనక సీటు కింద పెట్టించాను. అందులో ఏముందని అతను అడిగితే ఎలా చెప్పాలో తెలియక కుట్టుమిషను అన్నాను. దించుకునేటప్పుడు నువ్వూ అదే మాట అను. పాతదే, కానీ గట్టిది. మా సర్వర్ల గదిలోంచి తీసేస్తుంటే అడిగి తీసుకున్నాను.

ఫోన్లో చెబితే "సరే, సరే" అంటావు, తర్వాత నీకు తోచింది చేస్తావు. అందుకే మెయిల్ రాస్తున్నాను. ఇకమీద యంత్రం సంగతులన్నీ ఇలా రాతలోనే ఉండాలి. చెవితో విన్న ఆజ్ఞ వేలి దాకా వచ్చేసరికి మారిపోతుంది.

ముందు ఏ లినక్స్ వెయ్యాలో చెబుతాను. లినక్స్ అంటే ఒకటి కాదు. ఒక ఖర్జూరం మొదట్లోంచి వచ్చిన పిలకల్లా చాలా ఉన్నాయి. కొన్ని ఏడాదికి రెండుసార్లు కొత్తవి వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, తొమ్మిది నెలలు తిరిగేసరికి చేసినవాళ్ళే వాటిని పట్టించుకోవడం మానేస్తారు. కొన్ని నిదానంగా వస్తాయి, కానీ ఏళ్ళ తరబడి వాటికి మరమ్మతులు అందుతూనే ఉంటాయి. నీకు కావలసింది ఈ రెండో రకం. డెబియన్ వెయ్యి. తెర మీద బొమ్మలు వద్దు. నల్ల తెర, తెల్ల అక్షరాలు చాలు. చెరువు తలుపులు తెరిచి మూసే యంత్రానికి అందం ఎందుకు?

రెండోది గడియారం. దాన్ని యూటీసీ అనే ప్రపంచ గంట మీద పెట్టు. సర్వర్లను మేమంతా అలాగే పెడతాం. ప్రభుత్వాలు వేసవికి గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతాయి, రంజానుకో, చలికాలానికో మళ్ళీ వెనక్కి తెస్తాయి, ప్రపంచ గంట జరగదు. మన పొలాల్లో ముసలివాళ్ళు అనే పాత గంట కూడా అదే.

మూడోది తాళం. యంత్రంలో ఏదైనా చేయగల పేరు ఒకటుంటుంది, రూట్ అంటారు. దాని పాస్‌వర్డులో సగం మన పై పేట మనిషి దగ్గర, సగం కింది పేట మనిషి దగ్గర ఉండాలి. మొన్నటి నీటిపెద్ద జాయీద్ చెయ్యి విరిగింది పార దెబ్బకే. కానీ తలుపుల తాళంచెవి ఒక్కడి నడుముకే వేలాడబట్టి ఆ పార లేచింది.

నీటిపెద్ద బదులు యంత్రాన్ని పెట్టి ఏడాది చూద్దామని రెండు పేటలూ అన్నాయని రాశావు. ఈ ఏడాదిలో ఎవరి వంతుకైనా నీళ్ళు తక్కువైతే మళ్ళీ పారలు లేస్తాయి. ఆ సంగతి నీకు నేను చెప్పాలా? నాలుగు రోజులుగా ఇదే తలలో తిరుగుతోంది.

అక్క
ఇత్తో


తగూంత్
జూలై 2018

అక్కకు,

కుట్టుమిషను చేరింది. డ్రైవరు దార్లో అందరికీ చెప్పినట్టున్నాడు. బస్సు దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు, పెళ్ళికి బట్టలు కుట్టించుకోవాలని, నాకోసం కాచుకున్నారు. కాదని చెప్పడానికి నాకు అరపూట పట్టింది. "లెక్కల మాస్టారు మాకు కుట్టడు గానీ నీళ్ళకు చొక్కా కుడతాడట" అని ఇప్పుడు బడి పిల్లలు కూడా అంటున్నారు.

మసీదు వెనక, చెరువు గట్టు పక్కనున్న గదిలో పెట్టాను. లినక్స్ వేశాను. చెరువు తలుపులకు బిగించిన మోటార్లు యంత్రం మాట వింటున్నాయి. వంతుల పట్టిక ఎక్కించాను. యంత్రానికి వంశం లేదు, అది ఏ పేటదీ కాదని అందరికీ చెప్పాను. మొదటి తలుపు దానంతటది లేచినప్పుడు రెండు పేటల వాళ్ళూ గట్టు మీదే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మన దగ్గర అది మెచ్చుకోలే కదా.

గడియారం సంగతి మాత్రం నువ్వు చెప్పినట్టు కుదరదు. నువ్వు రబాత్‌లో ఉండి మరిచిపోయావు. పాత గంట కింది పేటది. మన పై పేట వాళ్ళు ఫోన్ గంట, అంటే కొత్త గంట చూస్తారు. యంత్రం పాత గంట చెబితే అది కింది పేట యంత్రమని మన మేనమామ హమ్మూయే ముందు లేస్తాడు. అందుకని ప్రభుత్వం గంట పెట్టాను. ప్రభుత్వాన్ని రెండు పేటలూ సమానంగా తిడతాయి గనక గొడవ లేదు.

తాళం గురించి. కింది పేటలో కంప్యూటరు తెలిసిన మనిషి ఒక్క తూదాయే. కింది పేట పెద్ద ఇష్షూ తమ్ముడి కూతురు, గులాబీల నుంచి పన్నీరు తీసే సంఘంలో లెక్కలు రాస్తుంది. ఆడపిల్లను నీటి గదిలోకి రానివ్వాలా అని ఇష్షూయే నసుగుతున్నాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం. అంతవరకు పాస్‌వర్డు నా దగ్గరే ఉంటుంది. నా తరగతిలో రెండు పేటల పిల్లలూ ఉన్నారు. నన్ను అనుమానించేవాళ్ళు లేరు.

బయటి ఊళ్ళ నుంచి ఎవరూ యంత్రంలోకి రాకూడదని తీర్మానం చేశారు. కాబట్టి నువ్వు అక్కడ కూర్చుని తొంగి చూడ్డానికి లేదు.

బస్సూ


రబాత్
ఆగస్టు 2018

బస్సూకు,

ప్రభుత్వం గంట పెట్టావు. పేటల రాజకీయం నీకు తెలిసినంత నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ప్రభుత్వం గంట ఎప్పుడు జరుగుతుందో యంత్రానికి పుట్టుకతో తెలియదు. మరమ్మతులతో పాటు ఆ కబురు కూడా దానికి అందాలి. అవి అందినంతకాలం భయం లేదు. వారానికోసారి నువ్వే అప్‌డేట్ చెయ్యి.

గంట జరిగే రాత్రి ఎవరో ఒకరి వంతులో తేడా పడుతుంది. దానికి ముందుగా రెండు పేటల వాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడు.

"లినక్స్ వేశాను" అని రాశావు. డెబియనేనా? ఎన్నో నంబరు? ఒక్క ముక్కలో రాయి.

తూదాను పిలువు. నసిగేవాళ్ళు నసుగుతారు.

ఇత్తో


తగూంత్
సెప్టెంబరు 2018

అక్కకు,

ఆలస్యమైంది. బళ్ళు తెరిచారు, పుస్తకాలు రాలేదు, పిల్లలు వచ్చారు.

యంత్రం గురించి నీకు బెంగ అక్కర్లేదు. మొదట్లో తెర మీద రోజూ ఏదో అడిగేది, అది వెయ్యనా, ఇది మార్చనా అని. ఇప్పుడు అడగడం మానేసింది. నెల దాటింది, నోరెత్తలేదు. తన పని తను చేసుకుంటోంది. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను బళ్ళో కూడా చూడలేదు.

నిన్న ఇష్షూ నన్ను దార్లో ఆపాడు. కింది పేటలో అతని మాటకున్న బరువు నీకు తెలుసు. జాయీద్ మీద పార ఎత్తినవాడు అతని అన్న కొడుకే. "మాస్టారూ, నీ యంత్రంలో నాకు నచ్చింది ఒకటే. అది ఎవరింట్లోనూ టీ తాగదు" అన్నాడు. అతని నోటివెంట అంతకంటే మంచి మాట రాదు. ఆ రోజంతా నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

హమ్మూ మామ మాత్రం యంత్రాన్ని చూసినప్పుడల్లా సలాం చెబుతాడు. ఎందుకు మామా అంటే, రేపు పెద్ద అధికారి అవుతుందేమో, ఇప్పట్నుంచే మంచిగా ఉండాలి అంటాడు.

ఖర్జూరాలు రంగు తిరిగాయి. ఈసారి కాపు పరవాలేదు.

బస్సూ


రబాత్
సెప్టెంబరు ఆఖరు

బస్సూకు,

అడగడం మానేసిందని సంతోషంగా రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. మరమ్మతులు అందే యంత్రం అడుగుతూనే ఉంటుంది. అడగడం మానేసిందంటే దానికి చెప్పేవాళ్ళు లేరని అర్థం.

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఖర్జూరాల గురించి రాశావు.

యంత్రం ముందు కూర్చుని, ఏ లినక్స్, ఎన్నో నంబరు అన్నది తెర మీద ఏం కనిపిస్తే అది ఫోటో తీసి పంపు. ఇది కోపంతో రాస్తున్నది కాదు. మా గదిలో ఈమధ్య పని తక్కువ. రోజంతా నీ యంత్రం గురించే ఆలోచిస్తున్నాను.

ఇత్తో


రబాత్
అక్టోబరు 27, శనివారం

బస్సూ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఖర్జూరాల కోతలో ఉండి ఉంటావు.

రేపు తెల్లవారుజామున గంట వెనక్కి జరగాలి కదా. జరగదట. ఇక ఏడాది పొడుగునా వేసవి గంటే ఉంటుందని ప్రభుత్వం నిన్న తేల్చింది. ఇంత ఆలస్యంగా చెబితే లోకంలో యంత్రాలన్నిటికీ కబురు ఎలా అందుతుంది? డెబియన్‌కు ఇవాళో రేపో అందుతుంది. నీది ఏదో నాకు తెలియదు.

కబురు అందని యంత్రం ఈ రాత్రి తనంతట తను ఒక గంట వెనక్కి పోతుంది. చీకటి పడేలోగా గదికి వెళ్ళి, గడియారాన్ని ప్రపంచ గంటకు మార్చి, పట్టికను కూడా దానికి తగ్గట్టు మార్చు. చేతకాకపోతే తలుపుల మోటార్లు ఆపేసి మనుషులను పెట్టు.

ఒకవేళ పొరపాటు జరిగిపోతే, నాకు చెప్పకుండా ఏదీ ముట్టుకోకు.

ఇత్తో


తగూంత్
నవంబరు 4

అక్కకు,

నీ మెయిల్ నేను ఆదివారం సాయంత్రం చూశాను. అప్పటికే అయిపోయింది.

ముందు నువ్వడిగినది చెబుతాను. నేను వేసింది డెబియన్ కాదు. తింఘీర్ దుకాణంలో కుర్రాడు ఒక డిస్కు ఇచ్చాడు, ఇదే సరికొత్తది, చూడ్డానికి బాగుంటుంది, తెర మీద అన్నీ బొమ్మల్లో ఉంటాయి అన్నాడు. నల్ల తెర చూస్తే నాకు భయం వేసింది. ఏది నొక్కితే ఏం పోతుందోనని. నీకు చెబితే మళ్ళీ మొదటి నుంచి చేయిస్తావని చెప్పలేదు. ఆ కొత్తది నువ్వు చెప్పిన తొమ్మిది నెలల రకమే. దుకాణంలోనే దాని ఆయుష్షు దాదాపు అయిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున యంత్రం ఒక గంట వెనక్కి పోయింది. ఆ సమయంలో వంతు హమ్మూ మామది. మూసుకోవలసిన తలుపు ఇంకో గంట తెరిచే ఉంది. మామ పడుకుని ఉన్నాడు, అతనికేమీ తెలియదు. పొద్దున లేచి చూస్తే దానిమ్మల కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఊళ్ళో గంట ఎంతో ఎవరికీ తెలియలేదు. కొన్ని ఫోన్లు వెనక్కి జరిగాయి, కొన్ని జరగలేదు. మా హెడ్మాస్టరు ఫోన్ చేసి గంట మారలేదని చెబితే గానీ నాకు తెలియలేదు. తర్వాత యంత్రాన్ని సరిచేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఇష్షూ వంతుకు ఒక గంట నీళ్ళు తక్కువ వచ్చాయి. బార్లీ అప్పుడే చల్లాడు. సగం చేనుకు తడి అందలేదు, మళ్ళీ వంతు వచ్చేసరికి ఆ గింజ పాడైపోతుంది. మామ చేనులో ఎక్కువ పారిన గంట తన గంటేనని ఇష్షూ అంటున్నాడు. కింది పేట అంతా అదే మాట. "యంత్రానికి వంశం లేదన్నావు కదా మాస్టారూ, మేనమామ ఉన్నాడే" అని జనం ముందే అన్నారు. ఇప్పుడు ఆ మాటే ఊరంతా తిరుగుతోంది. నిన్న చెరువు గట్టు మీదికి రెండు వైపులా మనుషులు చేతుల్లో పారలతో వచ్చారు. ఎవరూ పని చేయడానికి రాలేదు.

పెద్దలు కూర్చుని ప్రమాణం అడిగారు. నవంబరు 16న, శుక్రవారం నమాజు తర్వాత, దర్గా దగ్గర. నీటి గంటను నా చేత్తో ముట్టుకోలేదని నేను చెప్పాలి. నా వెనక మనవాళ్ళు పది మంది నిలబడి నా మాట నిజమని ఒట్టేయాలి. ఒట్టు అబద్ధమైతే పాపం పది ఇళ్ళకూ తగులుతుందని నీకు తెలుసు. ప్రమాణం జరిగితే గొడవ చల్లారుతుంది, యంత్రం ఉంటుంది. జరగకపోతే నీటి విషయం మళ్ళీ పారలే తేలుస్తాయి.

నువ్వొక ఉపకారం చెయ్యి. రబాత్ సర్వర్ల గదిలో పనిచేసే నిపుణురాలిగా ఒక కాగితం రాసి పంపు. ప్రభుత్వం కబురు అందక యంత్రం తనంతట తనే తప్పింది, మనిషి చెయ్యి లేదు అని. రెండు వాక్యాలు చాలు.

బస్సూ


రబాత్
నవంబరు 6

బస్సూకు,

నీ మెయిల్ మూడుసార్లు చదివాను. తర్వాత ఒక కాగితం మీద నీ చెరువు తలుపులు గీసుకున్నాను.

రాత్రి గడియారం వెనక్కి పోయింది. మామ తలుపు ఒక గంట ఎక్కువ తెరిచి ఉంది. అది నిజం. కానీ ఆ తర్వాతి వాళ్ళెవరికీ నీళ్ళు తగ్గవు. ఒక్కొక్కరి తలుపు గంట ఆలస్యంగా తెరుచుకుంటుంది, గంట ఆలస్యంగా మూసుకుంటుంది, అంతే. చెరువులో నీళ్ళున్నంతవరకు అందరికీ నిండు వంతే. ఇష్షూకు కూడా.

మరి ఇష్షూ గంట ఎక్కడ పోయింది?

ఒక్కచోటే పోగలదు. అతని తలుపు తెరిచి ఉండగా ఎవరో గడియారాన్ని ఒక గంట ముందుకు తోసి ఉండాలి. పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉందని నువ్వే రాశావు. "తర్వాత సరిచేశాను" అనీ నువ్వే రాశావు.

మనిషి చెయ్యి లేదని నేను ఎలా రాయను?

ఇత్తో


తగూంత్
నవంబరు 8

లల్లా ఇత్తో గారికి,

అవును, నేనే. నీకు కావలసింది ఇదే అయితే చదువుకో.

హెడ్మాస్టరు ఫోన్ చేశాక గదికి పరుగెత్తాను. యంత్రం ఒక గంట వెనకబడి ఉంది. తప్పుగా నడుస్తున్న గడియారాన్ని చూస్తే ఎవడైనా ఏం చేస్తాడు? ముల్లు సరైన చోటికి జరుపుతాడు. నేనూ జరిపాను. బళ్ళో గోడ గడియారం ఆగితే ఎన్నిసార్లు జరపలేదు. ఆ గంటలో ఒక మనిషి నీళ్ళు ఉన్నాయని ఆ క్షణాన తట్టలేదు. బయటికి వచ్చి గదికి తాళం వేస్తుంటే, ఇష్షూ తలుపు దిగిపోతున్న చప్పుడు విన్నాకే తట్టింది. మళ్ళీ వెనక్కి జరిపితే ఇంకెవరి వంతు తింటుందోనని ఇక ముట్టుకోలేదు.

నేను దొంగతనం చేయలేదు. ఆ సంగతి నీకూ తెలుసు. కానీ "ముట్టుకున్నాను, దొంగిలించలేదు" అన్న రెండు మాటల్లో కింది పేట మొదటిదే వింటుంది. హమ్మూ మామ పది మందిని అప్పుడే పోగేశాడు. ఒక్కడు కూడా ముట్టుకున్నావా అని నన్ను అడగలేదు. అడగడం అవమానమనుకున్నారు. అందరూ శుక్రవారానికి పొడుగు అంగీలు, జెలాబాలు, ఉతికించుకుంటున్నారు.

నీకు అక్కడ గది నిండా యంత్రాలు. ఒకటి చెడితే పక్కది నడుస్తుంది, తప్పెవరిదో తీరిగ్గా రాసుకుంటారు. నాకున్నది ఒక్కటే యంత్రం, దాని ముందు రెండు పేటలు. ఎవరికీ నష్టం లేని రెండు వాక్యాలు రాయడానికి నీకు చెయ్యి రావడం లేదు. ఉండనీ.

బస్సూ


రబాత్
నవంబరు 9

బస్సూకు,

గది నిండా యంత్రాలు లేవు. జూన్ నుంచి ఒక్కొక్కటే తీసుకుపోయారు. మా ఆఫీసు పనంతా ఇప్పుడు విదేశాల్లో అద్దెకు తీసుకున్న యంత్రాల మీద నడుస్తోంది. గదిలో ఖాళీ బీరువాలు, ఒక కుర్చీ, నేను ఉన్నాం. వేరే చోట వేస్తాం, ఆగు అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. నీకు పంపినది ఆఖరున మిగిలిన వాటిలో ఒకటి. ఈ దేశంలో ఇప్పుడు నేను పట్టించుకోగలిగిన సర్వర్ నీది ఒక్కటే, దాన్ని చూడ్డానికి కూడా నాకు అనుమతి లేదు. అందుకే అన్నిసార్లు అడిగాను.

కాగితం రాశాను, దీనితో పంపుతున్నాను. రాత్రి గంట యంత్రం తప్పిందని, ఎందుకు తప్పిందో, ఒక వాక్యం. మధ్యాహ్నం గంట మనిషి చేత్తో జరిగిందని, దొంగతనానికి కాదు, తెలియక అని, ఒక వాక్యం. రెండూ కలిపి చూపించు, లేదా రెండూ చూపించకు. మొదటిది మాత్రమే చింపి చూపిస్తే అది నా కాగితం కాదని ఎవరడిగినా చెబుతాను.

ప్రమాణం సంగతి నేను చెప్పేది లేదు. వెనక నిలబడే పది మందీ చిన్నప్పుడు మనల్ని భుజాల మీద మోసినవాళ్ళే. అది నాకంటే నీకే బాగా తెలుసు.

ఇత్తో


తగూంత్
నవంబరు 18

అక్కకు,

శుక్రవారం అయిపోయింది.

గాలి ఉంది. దర్గా ముందు ఇసుక లేస్తుంటే అందరూ ముఖాలకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. కింది పేట వాళ్ళు ఒక పక్క, మనవాళ్ళు ఒక పక్క. మామ, మిగతా తొమ్మిది మందీ నా వెనక వరుసగా నిలబడ్డారు. మామ నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా చెప్పరా, చివర వాళ్ళకు వినపడాలి అన్నాడు.

నీ కాగితం జేబులో ఉంది. తీయలేదు. అది తీస్తే నువ్వు చెప్పినట్టు అవుతుంది గానీ నేను చెప్పినట్టు కాదు.

నేను వెనక్కి తిరిగి, ముందు మనవాళ్ళ వైపు చూసి అన్నాను: "మీరెవరూ ఒట్టెయ్యకండి. రాత్రి గంట యంత్రం తప్పు. మధ్యాహ్నం గంట నేను జరిపాను. ఇష్షూ నీళ్ళు నా చేత్తోనే పోయాయి."

మామ చెయ్యి నా భుజం మీద నుంచి వెంటనే లేవలేదు. కాసేపు అక్కడే ఉంది. తర్వాత తీసేశాడు. "ఇది నాకు ఇంటి దగ్గర చెప్పొచ్చుగా. జెలాబా ఉతికించుకునేవాణ్ణి కాదు" అన్నాడు. నవ్వులాటకు కాదు.

కింది పేట నుంచి ఎవడో ఆ గంట పాత గంటా, కొత్త గంటా అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు నవ్వి, ఇష్షూ ముఖం చూసి ఆపేశారు. ఇష్షూ ముందుకొచ్చాడు. నేను కళ్ళు దించుకున్నాను.

"నా తలుపు దిగుతుంటే నేను గట్టు మీదే ఉన్నాను మాస్టారూ," అన్నాడు. "నువ్వు గదిలోంచి వచ్చి తాళం వేస్తున్నావు. నన్ను నువ్వు చూడలేదు, నేను నిన్ను చూశాను."

అతనికి మొదటి రోజు నుంచే తెలుసు అక్కా. మరి ప్రమాణం ఎందుకు అడిగించావని హమ్మూ మామ అరిచాడు. ఇష్షూ నెమ్మదిగానే చెప్పాడు. "ఒక గంట నీళ్ళ కోసం మీరు పది ఇళ్ళు పాడుచేసుకుంటారో లేదో చూద్దామని. చేసుకునేవాళ్ళయితే మీతో ఒక చెరువు పంచుకోవడం మావల్ల కాదు. ఈ రోజే మధ్యలో గోడ కట్టేసేవాళ్ళం."

ఆ తర్వాత మాటలు చాలాసేపు నడిచాయి. తేలింది ఇది. మామ వచ్చే వంతులో ఒక గంట ఇష్షూకు వదలాలి. ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూ దానిమ్మ చెట్లకు క్షమాపణ చెప్పాడు. ఇష్షూకు మళ్ళీ చల్లడానికి బార్లీ గింజ నేనివ్వాలి. నేను ఇక నీటి గదిలో అడుగు పెట్టకూడదు. యంత్రం ఉంటుంది. పాస్‌వర్డు మొత్తం తూదాకు ఇవ్వాలి. సగం సగం అన్నది నేను అడిగాను. ఆ మాట జూలైలో అనాల్సింది అన్నారు.

తూదాకు పాస్‌వర్డు నిన్న చెప్పాను. నువ్వు మొదట రాసిన మెయిల్ కూడా ఇచ్చాను. ఆమె అక్కడే నిలబడి చదివి, "మీ అక్క అన్నీ రాసింది కదా" అంది. తిట్టినా బాగుండేది.

మనవాళ్ళలో నలుగురు నాతో మాట్లాడటం లేదు. మామ మాట్లాడుతున్నాడు కానీ బస్సూ అని పిలవడం మానేసి మాస్టారూ అంటున్నాడు. బడికి పోతే పిల్లలు కొత్త గంట వద్దని గేటు బయట కూర్చుని అరుస్తున్నారు. ఊరంతా, దేశమంతా ఈ గంటతోనే కొట్టుకుంటున్నట్టుంది. సాయంత్రాలు ఏం చేయాలో తోచడం లేదు. కాళ్ళు మసీదు వెనక్కే పోతాయి, మలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తాను.

నీ గది గురించి నేను రాసినదానికి సిగ్గుపడుతున్నాను. ఎక్కడ వేస్తారో తెలిస్తే రాయి.

బస్సూ


తగూంత్
డిసెంబరు 2018

లల్లా ఇత్తో గారికి,

నేను మీకు తెలియను. నా పేరు తూదా, కింది పేట. నీటి గది యంత్రం ఇప్పుడు నేను చూస్తున్నాను.

మీరు మాస్టారికి రాసిన మెయిల్ చూసి అంతా మొదటి నుంచి చేశాను. డెబియన్ వేశాను. మూడుసార్లు తప్పింది, నాలుగోసారి నిలబడింది. అలా చేసిన రెండు రోజులూ తలుపులు మనుషులే ఎత్తారు, ఒక్కో తలుపు దగ్గర ఒక్కో పేట మనిషి. గడియారం ప్రపంచ గంట మీద పెట్టాను. యంత్రం కింది పేట గంట చెబుతోందని మీవాళ్ళు అన్నారు. ఇది లోకం గంట, లోకం మా పేట గంట వాడుకుంటే నేనేం చేసేది అన్నాను. హమ్మూ గారు నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.

గదిలో నన్ను చూసి మగవాళ్ళు గుమ్మం బయటే ఆగిపోతున్నారు. ఒక రకంగా మంచిదే. ఎవరూ వచ్చి నాకొక పావుగంట ఎక్కువ పెట్టమ్మా అని అడగడం లేదు.

ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, పొద్దుటి నుంచి యంత్రం ఒకటి అడుగుతోంది. మరమ్మతులు వచ్చాయి, వెయ్యనా, వేశాక ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతాను అంటోంది. అవును అనాలా, కాదు అనాలా? అవును అంటే ఏమవుతుందో, కాదు అంటే ఏమవుతుందో తెలియక నొక్కకుండా కూర్చున్నాను. మాస్టారిని అడగాలనుకున్నాను, కానీ ఆయన్ని ఈ విషయం అడగకూడదని కట్టుబాటు. బయటివాళ్ళు యంత్రంలోకి రాకూడదన్నారు గానీ, యంత్రం గురించి బయటివాళ్ళను అడగకూడదని ఎవరూ అనలేదు.

మీరు పై పేట వాళ్ళు. మిమ్మల్ని అడిగానని తెలిస్తే మా పెదనాన్న ఇష్షూ ఊరుకోడు. అయినా అడుగుతున్నాను.

తూదా


రబాత్
అదే రోజు

తూదాకు,

తొందరపడి దేనికీ జవాబు చెప్పకుండా కూర్చున్నావు. మంచి పని చేశావు.

అవును అనే అనాలి. కానీ ఇప్పుడే కాదు. యంత్రం ఆగి మళ్ళీ లేచేలోగా తెరిచి ఉన్న తలుపు ఎటూ కాకుండా పోతుంది. ఇప్పుడు ఎవరి వంతు నడుస్తోందో ముందు చూడు. అది పూర్తయి తలుపు మూసుకునేదాకా ఆగు. తర్వాతి వాళ్ళకు కబురు పెట్టి, కాసేపు ఆలస్యమవుతుందని, ఆగినంతసేపూ పట్టికలో అందరి వంతులూ అంతే జరుపుతావు గనక ఒక్క చుక్క కూడా తగ్గదని చెప్పు. వాళ్ళు సరేనన్నాక నొక్కు.

ఎవరి వంతో నాకు రాయనక్కర్లేదు.

ఇత్తో